అరగంట విరామంలో అన్నం తినేది ఎన్ని నిమిషాలు?

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరాయంటే చాలు, పత్రికల ఆరోగ్య పేజీల్లో మధ్యాహ్న భోజనం మీద సలహాలు మొదలవుతాయి. పెరుగన్నం తినండి, వేపుళ్లు తగ్గించండి, ముద్ద బాగా నమిలి మింగండి. ఒక్కటీ తప్పు కాదు. కానీ హన్మకొండ చౌరస్తాలో చీరల దుకాణంలో పొద్దంతా నిలబడే అమ్మాయికీ, ఊరి నుంచి బస్సెక్కి గీసుగొండ టెక్స్‌టైల్ పార్కుకు వెళ్లే మిషన్ ఆపరేటర్‌కూ, సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మధ్య తిరిగే కార్మికుడికీ ఏం తినాలో తెలియక కాదు, తినే టైం దొరకకే ఇబ్బంది. కాగితం మీద అరగంట ఉంటుంది. నోట్లో ముద్ద పెట్టుకునేది ఎనిమిది, పది నిమిషాలు. మిగతా ఇరవై నిమిషాలు ఎటు పోయాయో ఎవరూ లెక్క తీయరు. పనిచోట్ల ఆరోగ్యం, కార్మిక చట్టాల విషయాలు చూసే కొందరం కలిసి ఆ లెక్క ఇక్కడ తీసి పెడుతున్నాం.

60 మంది పనిచేసే షెడ్డు అనుకుందాం. ఒంటిగంటకు బెల్. చేతిలో పని ముగించి, మిషన్ ఆపి లేచేసరికి 2 నిమిషాలు. బాక్సులు పెట్టిన చోటికి నడక 3 నిమిషాలు. అక్కడ కుళాయిలు మూడు. సబ్బుతో చేతులు సరిగ్గా కడుక్కోవాలంటే మనిషికి 40 సెకన్లు పడుతుంది. 60 మందికి 2,400 సెకన్లు. మూడు కుళాయిలకు పంచితే 800. అంటే వరసలో చివరి మనిషి చేతులు కడుక్కుని బయటపడేది 13 నిమిషాలకు. బెల్ కొట్టి అప్పటికి 18 నిమిషాలు అయింది. తిన్నాక గిన్నె తొలిచి, నడిచి వచ్చి, వేలిముద్ర పెట్టి కూర్చోవడానికి ఇంకో 4. మిగిలింది 8 నిమిషాలు. మరునాటి నుంచి ఆ చివరి మనిషి చేతులు కడగడం మానేస్తాడు, లేదా ఒంటిగంటకు ఐదు నిమిషాల ముందే మెల్లగా జారుకుంటాడు. మొదటి దానికి విరేచనాలు, రెండో దానికి సూపర్‌వైజర్ మెమో. రెండింటికీ కారణం ఆ మూడు కుళాయిలే.

దీన్ని సరిచేయడానికి రెండు దారులున్నాయి. ఒకటి, గోడ వెంట పదహారు అడుగుల పైపు వేసి రెండడుగులకొకటి చొప్పున ఎనిమిది కుళాయిలు బిగించడం. అదే 2,400 సెకన్లు ఎనిమిదికి పంచితే 300, అంటే ఐదు నిమిషాలు. రెండోదానికి పైసా ఖర్చు లేదు. 60 మందిని ఒకేసారి వదలకుండా 20 మంది చొప్పున మూడు జట్లుగా వదలడం. ఉన్న మూడు కుళాయిలతోనే నాలుగున్నర నిమిషాల్లో ఒక్కో జట్టు చేతులూ అయిపోతాయి. సబ్బు బిళ్ల రోజుకొకటి మాయమవుతుందని మేనేజర్లు వాపోతారు. వలసంచిలో వేసి కుళాయికి కట్టేస్తే పోదు. బడుల్లో పిల్లలకు ఎప్పటి నుంచో చేస్తున్న పనే ఇది.

బాక్సులు వేడి చేసుకునే చోట కూడా ఇదే లెక్క. ఒక మైక్రోవేవ్, ఒక్కో బాక్సుకు 2 నిమిషాలు, 20 మంది. చివరి బాక్సుకు 40 నిమిషాలు. విరామమే 30. ఆఫీసుల్లో మైక్రోవేవ్ కొనిపెట్టి గొప్ప సౌకర్యం చేశామనుకునేవాళ్లు ఈ గుణకారం చేసి చూడరు. దానికంటే వెడల్పాటి బేసిన్‌లో రెండంగుళాల నీళ్లు పోసి, స్టీలు గిన్నెలన్నీ మూతలు కాస్త వదులుగా పెట్టి అందులో దించి, పైన పళ్లెం కప్పి, సన్నని మంట మీద 20 నిమిషాలు ఉంచితే ఇరవై బాక్సులూ ఒక్కసారే పొగలు కక్కుతాయి. బెల్‌కు 20 నిమిషాల ముందు స్టవ్ వెలిగించే మనిషి ఒకరుంటే చాలు. ప్లాస్టిక్ డబ్బాలకు ఈ పద్ధతి పనికిరాదు.

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. చాలా చోట్ల విరామం పోయేది యజమాని దుర్మార్గుడై కాదు, బదులుగా నిలబడే మనిషి లేక. క్యాష్ కౌంటర్‌లో ఒక్కరే ఉంటారు. వార్డులో నర్సు ఒక్కరే. గేటు దగ్గర సెక్యూరిటీ ఒక్కరే. మెడికల్ షాపులో ఫార్మసిస్టు ఒక్కరే. వీళ్లకు 'వీలు చూసుకుని తినండి' అని చెబుతారు. వీలన్నది రాదు. అందుకే విరామాల పట్టిక రాసేటప్పుడు ముందు రాయాల్సింది బదులు నిలిచే మనిషి పేరు, ఆ తర్వాతే గంట.

ఒక బదులు మనిషి ఎంతమందిని దాటించగలడన్నది తేలిగ్గా తేలుతుంది. ఉదయం 8కి షిఫ్టు మొదలైతే, ఐదు గంటల నియమం (విరామం లేకుండా వరసగా ఐదు గంటలకు మించి పని చేయించకూడదన్నది) ప్రకారం ఒంటిగంట దాటకముందే అందరి విరామమూ మొదలు కావాలి. 11కు ముందు ఎవరికీ ఆకలి కాదు. కాబట్టి 11, 11.30, 12, 12.30, 1... ఐదు అరగంటలు. ఒక మనిషి ఐదుగురికి బదులు నిలవగలడు. అందులో అతను తినేదెప్పుడు? ఈ ప్రశ్న మరిచిపోతే ఆ బదులు మనిషే ఆకలితో ఉంటాడు. అతని విరామం 10.30కో, లేదా నలుగురినే అతనికి అప్పగించి మధ్యలోనో ఉండాలి. ఎనిమిది మందిని ఒకరికి అప్పగించిన చోట చివరి ముగ్గురు రెండు, రెండున్నర దాకా ఆగుతుంటారు. ఆ ముగ్గురూ ఎప్పుడూ వాళ్లే కాకుండా వారం వారం వరస తిప్పాలి. కొత్తగా చేరినవాళ్లను, వలస వచ్చినవాళ్లను చివరికి నెట్టడం మన దగ్గర అలవాటుగా మారింది.

ఐదు గంటల నియమం అన్నాం కదా, దాని సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పగటిపూట అరగంట ఆగడమనేది ఎవరి దయ వల్లా వచ్చింది కాదు. 1884లో బొంబాయి మిల్లు కార్మికుల తరఫున నారాయణ్ మేఘాజీ లోఖండే పెట్టిన కోర్కెల్లో ఆదివారం సెలవుతో పాటు మధ్యాహ్నం అరగంట విరామం కూడా ఉంది. 1891 ఫ్యాక్టరీల చట్టంలో అది చేరింది. స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన 1948 ఫ్యాక్టరీల చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కనీసం అరగంట విరామం లేకుండా ఎవరి చేతా వరసగా ఐదు గంటలకు మించి పని చేయించకూడదు. దుకాణాల విషయంలో మన రాష్ట్ర చట్టం ఇంకా ఉదారంగా ఉంది. 1988 దుకాణాలు, సంస్థల చట్టం ఐదు గంటల పని తర్వాత గంట విరామం ఇవ్వాలంటుంది. అరగంట కాదు, గంట. వరంగల్ స్టేషన్ రోడ్డులో, జేపీఎన్ రోడ్డులో ఎంతమంది గుమస్తాలకు ఈ సంగతి తెలుసో మరి.

2025లో రెండు మార్పులు వచ్చాయి. జులైలో రాష్ట్ర ప్రభుత్వం వాణిజ్య సంస్థలకు రోజుకు 10 గంటల దాకా, వారానికి 48 గంటలు మించకుండా పని చేయించుకునే వీలిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అందులో విరామం ఆరు గంటల పనికి అరగంట. దుకాణాలకు అది వర్తించదు, వాటికి పాత గంటే. ఈ తేడా తెలియక, లేదా తెలిసే, కొందరు సేట్లు 'రూల్ మారింది' అని గుమస్తాల గంటను కూడా అరగంట చేశారు. ఇక నవంబర్ 21న, పాత కార్మిక చట్టాలను కలిపి కేంద్రం తెచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి ఫ్యాక్టరీల చట్టం వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయింది. కోడ్ రోజుకు ఎనిమిది గంటలని చెప్పింది కానీ, మధ్యలో విరామం ఎంత అన్నది ప్రభుత్వం నోటిఫై చేసేదానికి వదిలింది. ఆ వదిలిన చోట ఏం రాస్తారన్నదే ముఖ్యం. ఐదు గంటలు ఆరు కాకుండా, అరగంట ఇరవై నిమిషాలు కాకుండా చూడాల్సింది సంఘాలే. ఇదే కోడ్ వల్ల మేలు కూడా ఉంది. పాత చట్టంలో 250 మంది దాటితేనే క్యాంటీన్, 150 మంది దాటితేనే భోజనాల గది. ఇప్పుడు కాంట్రాక్టు కార్మికులను కలుపుకుని 100 మంది ఉంటే క్యాంటీన్, 50 మంది దాటిన ఫ్యాక్టరీకి భోజనాల గది. ఉత్తర తెలంగాణలో రైస్ మిల్లులు, జిన్నింగ్ మిల్లులు, గ్రానైట్ కటింగ్ యూనిట్లు కొన్ని ఈ లెక్కతో కొత్తగా పరిధిలోకి వస్తాయి. కాంట్రాక్టర్ మనుషులను లెక్కలో కలపకుండా 'మాకు నలభై మందే' అనడం ఇక కుదరదు.

చట్టం అరగంట ఇప్పించగలదు. ఆ అరగంటలో తినే అన్నం బాగుండాలంటే పొద్దున సద్ది కట్టే చోట జాగ్రత్త పడాలి. మన దగ్గర ఐదున్నరకు వండి, ఆరింటికి వేడివేడిగా బాక్సులో నొక్కి మూత బిగించి, ఒంటిగంటన్నరకు తింటారు. మధ్యలో ఏడున్నర గంటలు. వండిన అన్నం 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఉన్నంతసేపూ సూక్ష్మక్రిములు పెరుగుతాయి. అన్నంలో ముఖ్యంగా బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా. దీని బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మొలకెత్తి విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు పట్టుకుంటాయి. 'కూర పాడైంది' అనుకుంటారు కానీ చాలాసార్లు పాడైంది అన్నమే.

అన్నింటికంటే చెడ్డ చోటు స్కూటర్ డిక్కీ. కింద ఇంజిన్ వేడి, పైన ఎండలో కాలిన సీటు. బాక్సు సరిగ్గా ఆ క్రిములకు నచ్చే వేడిలో పడి ఉంటుంది. బండి దిగగానే బాక్సు తీసి లోపల నీడన, గాలి తగిలే చోట పెట్టాలి. షాపుల్లో దానికి చోటు ఉండదు, అందుకే డిక్కీలో వదిలేస్తారు. తలకొక అడుగు చొప్పున ఒక చెక్క అల్మారా కొడితే తీరే సమస్య.

సద్ది కట్టడంలో మూడు పద్ధతులు కొంత మేలు. అన్నాన్ని వేడిగానే ఉంచాలనుకుంటే మంచి ఫ్లాస్కు డబ్బాలో ముందు మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచి, పారబోసి, పొగలు కక్కే అన్నం నిండా పెట్టాలి. సగం డబ్బా పెడితే లోపలి గాలి చల్లబరుస్తుంది. మామూలు స్టీలు గిన్నె అయితే వెడల్పాటి పళ్లెంలో అన్నం పరిచి ఫ్యాను కింద 15-20 నిమిషాలు ఆరనిచ్చి, చల్లారాకే మూత పెట్టాలి. వేడి మీద మూత పెడితే ఆవిరి నీరై మళ్లీ అన్నంలోనే పడుతుంది, పైపొర జిగురు పడుతుంది. మూడోది పులుపు. పులిహోర, చింతపండు పులుసు, పెరుగు కలిసినవి ఆగుతాయి. పెరుగన్నం పొద్దున కలిపితే మధ్యాహ్నానికి పుల్లగా నోట్లో పెట్టలేం కాబట్టి పెరుగుకు బదులు పాలు పోయాలి. మెత్తగా ఉడికిన అన్నం ఒక గ్లాసుకు కాచి గోరువెచ్చగా చేసిన పాలు ఒక గ్లాసు, పెరుగు ఒక చెంచా. ఏడింటికి కట్టి తీసుకుపోతే ఒంటిగంటకు తియ్యగా తోడుకుని ఉంటుంది. చలికాలం రెండు చెంచాలు వేయాలి. ఉల్లిగడ్డ పొద్దునే కోసి కలపకండి, విడిగా తీసుకుపోయి అప్పుడు కోసుకోండి. పచ్చిపులుసు, మామిడికాయ తొక్కు లాంటివి అల్యూమినియం గిన్నెలో పెట్టకూడదు, పులుపుకు ఆ లోహం కరుగుతుంది. మూడు గిన్నెల టిఫిన్ కొనేటప్పుడు స్టీలుదే తీసుకోండి.

ఎంత తినాలన్న దానికి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ఉంది. 2,000 కేలరీల మనిషికి రోజు మొత్తానికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. అంటే మధ్యాహ్నానికి బియ్యం 90-100 గ్రాములు, వండితే ఒక మోస్తరు గిన్నెడు అన్నం. మన బాక్సుల్లో ముప్పావు అన్నం, రెండు చెంచాల కూర ఉంటుంది. కూర్చుని చేసే పనికి ఇది తలకిందులు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు మధ్య శరీరానికి సహజంగానే మత్తు వేళ, దాని మీద అంత అన్నం పడితే రెండున్నరకు కళ్లు మూతలు పడతాయి. మిషన్ మీద వేళ్లకు దెబ్బ తగలడానికి అది చాలు. కానీ ఈ కొలత బస్తాలు మోసే హమాలీకి చెప్పకండి. అతనికి కావాల్సింది దీనికి చాలా ఎక్కువ. అతనికి చెప్పాల్సింది అన్నం తగ్గించమని కాదు, పప్పు, గుడ్డు పెంచమని. అన్నం తిన్నాక పది నిమిషాల కునుకు మంచిదే, 20 దాటితే లేచాక ఇంకా మబ్బుగా ఉంటుంది. అన్నం తింటూనే చాయ్ తాగే అలవాటు ఆడవాళ్లకు ముఖ్యంగా చెడ్డది. తిండిలోని ఇనుమును చాయ్ ఒంటబట్టనివ్వదు. ఒక గంట ఆగి తాగితే చాలు.

విరామం పోతే వెంటనే ప్రాణం మీదికి వచ్చేది షుగర్ ఉన్నవాళ్లకు. పొద్దున ఇన్సులిన్ తీసుకున్నవాళ్లు, గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకున్నవాళ్లు భోజనం వాయిదా వేయకూడదు. మందు తన పని తాను చేసుకుపోతుంది, కడుపులోకి ఏమీ రాకపోతే రక్తంలో చక్కెర 70 కిందికి జారుతుంది. చెమటలు, చేతుల వణుకు, గుండె దడ, ఉన్నట్టుండి చిరాకు. ఏప్రిల్, మే నెలల్లో దీన్ని వడదెబ్బ అనుకుని పక్కవాళ్లు మంచినీళ్లు తాగించి గాలి విసురుతారు. దాంతో లాభం లేదు. మూడు చెంచాల చక్కెర, అంటే 15 గ్రాములు, నీళ్లలో కలిపి తాగించాలి. 15 నిమిషాల తర్వాత తగ్గకపోతే మళ్లీ అంతే. తేరుకున్నాక అన్నం పెట్టాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. సూపర్‌వైజర్ టేబుల్ సొరుగులో చిన్న సీసాలో చక్కెర ఉంచడం ఏ చట్టంలోనూ లేదు, ఉంచితే పోయేదేమీ లేదు. షుగర్ ఉన్నవాళ్లను మొదటి జట్టులో పెట్టాలి. 'నాకు షుగర్' అని పదిమందిలో చెప్పడానికి చాలామంది వెనకాడతారు, పట్టిక రాసేవాళ్లే విడిగా అడగాలి.

కొన్ని పనులకు కొన్ని ప్రత్యేక ఇబ్బందులున్నాయి. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్‌లో హమాలీలు, దడ్వాయిలు (కాంటా వేసేవాళ్లు), చాట కూలీలు చేతులు ఎన్నిసార్లు కడిగినా మంట పోదు, ఆ చేత్తోనే అన్నం కలుపుతారు. మిర్చి ఘాటు నీళ్లకు లొంగదు, నూనెలో కరుగుతుంది. ముందు రెండు చెంచాల మంచినూనె చేతులకు, గోళ్ల సందుల్లోకి బాగా రాసి, దాని మీద సబ్బు వేసి, అప్పుడు నీళ్లతో కడగాలి. ఒక్కసారికి వదలకపోతే ఇంకోసారి. కళ్లు తుడుచుకునే దస్తిని పనిచేసేటప్పుడు నడుముకు కట్టుకున్నది కాకుండా వేరేది పెట్టుకోవాలి. కాంటాల దగ్గర ఒక నూనె సీసా పెట్టించడం అడ్తిదారులకు పెద్ద ఖర్చేం కాదు.

నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో బీడీలు చుట్టే ఆడవాళ్లకు బెల్లూ లేదు, యజమానీ ఎదురుగా లేడు. వెయ్యి బీడీలకింత అని కూలి కాబట్టి చాట ఒడిలోంచి దించకుండానే పక్కన గిన్నె పెట్టుకుని తింటారు. తంబాకు దుమ్ము ముద్దతో పాటు లోపలికి పోతుంది. వాళ్లకు 'విరామం మీ హక్కు' అని చెబితే నవ్వుతారు. చెప్పగలిగింది ఇంతే: చాటను వేరే గదిలో పెట్టి, సబ్బుతో చేతులు కడిగి, గోడకు వెన్ను ఆనించి పావుగంట కూర్చోండి. మెడ, నడుము నొప్పులతో సాయంత్రం తగ్గిపోయే బీడీల లెక్క చూసుకుంటే ఈ పావుగంట గిట్టుబాటే.

సాంచాల దగ్గర ఇంకో రకం. కండె (పోగు చుట్టిన గొట్టం) అయిపోతే సాంచ ఆగుతుంది, మీటరు లెక్కన కూలి కాబట్టి ఆగిన ప్రతి నిమిషం కార్మికుడిదే నష్టం. అందుకే ఒక చేత్తో ముద్ద, ఒక కన్ను కండె మీద. ఆ చప్పుడులో, పీచు గాల్లో ఎగిరే చోట తినడం. 12 గంటల షిఫ్టులో అరగంట ఆపితే పోయేది నూటికి నాలుగు వంతులు. అది కొంతైనా తగ్గాలనుకుంటే పక్కపక్క ఇద్దరు జత కట్టి ఒకరి సాంచాలు ఇంకొకరు 20 నిమిషాలు చూసుకోవచ్చు. అయితే ఇద్దరి సాంచాలూ ఒక్కరే చూడలేరు కాబట్టి ఆ 20 నిమిషాలు సగం ఆపి సగమే నడపాలి. అన్నీ నడపబోతే పోగులు తెగి, గుడ్డ పాడై, ఆసామి (సాంచాల యజమాని) దగ్గర మాట పడి, మూడో రోజుకు జత విడిపోతుంది.

దుకాణాల్లో పనిచేసే ఆడపిల్లలది తిండి కంటే ముందు నీళ్ల సమస్య. మరుగుదొడ్డి లేక, ఉన్నా తాళం సేటు దగ్గర ఉండి, పొద్దంతా నీళ్లు తాగకుండా గడుపుతారు. మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు అక్కడి నుంచే. ఆరుబయట ఎండలో పనిచేసేవాళ్లకు 15-20 నిమిషాలకొక గ్లాసు నీళ్లు పోతుండాలి. లీటరు ఓఆర్ఎస్ ప్యాకెట్ ఇస్తే మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెం పోసుకుంటే ఉప్పు పాళ్లు తప్పుతాయి. పొద్దంతా నిలబడే పనికి విరామమంటే కూర్చోవడం కూడా. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో కూర్చునే హక్కు చట్టంలో చేర్చాయి. ఇక్కడ స్టూలు వేస్తే కస్టమర్‌కు అమర్యాద అంటారు. సోఫాలో కూర్చుని వంద చీరలు తీయించే కస్టమర్‌కు అమ్మాయి ఐదు నిమిషాలు కూర్చుంటే కోపం వస్తుందా?

'రద్దీ అప్పుడే ఉంటుంది' అనేది యజమానుల మొదటి అభ్యంతరం. అది నిజమే, పల్లెల నుంచి బస్సులు దిగేది పదకొండు తర్వాతే. అయితే పదింటికి తెరిచే దుకాణంలో 12 మంది ఉంటే నలుగురి చొప్పున 12 నుంచి, 1 నుంచి, 2 నుంచి గంట గంట పంపితే ఎప్పుడూ ఎనిమిది మంది కౌంటర్లలో ఉంటారు, ఐదు గంటల గడువూ దాటదు. ఇక కార్మికుల వైపు కూడా ఒక మాట ఉంది. 'లంచ్ మానేసి అరగంట ముందే ఇంటికి పోతా' అని బేరం పెట్టేవాళ్లు చాలామంది. బస్సు దొరకదని, పిల్లలు బడి నుంచి వస్తారని. వాళ్ల బాధ అర్థమవుతుంది. కానీ పదిమంది అలా ఒప్పుకుంటే పదకొండోవాడికి విరామం అడిగే నోరు ఉండదు. ప్రభుత్వ కార్యాలయాల్లో సంగతి దీనికి రివర్సు. 'సార్ లంచ్‌కు పోయిండు' అని మూడింటి దాకా జనాన్ని వరండాలో కూర్చోబెట్టడం విరామం కాదు. కౌంటర్ మీద ఎన్నింటికి మూస్తారో, ఎన్నింటికి తెరుస్తారో రాసి పెడితే జనం కూడా ఆ సమయంలో తిని వస్తారు.

విరామం దొరకనివాళ్లు ఫిర్యాదు చేయదలిస్తే ముందు రెండు వారాలు ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, పని మొదలైన గంట, విరామం ఇచ్చిన గంట, తిరిగి పనిలోకి పిలిచిన గంట, నాలుగు గళ్లు చాలు. విరామంలో పిలిచి పని చెప్పిన రోజు ఎదురుగా ఏం పని చెప్పారో రాయండి, ఎందుకంటే అది పని గంటల్లో కలుస్తుంది, పరిమితి దాటితే రెట్టింపు కూలి లెక్కకు వస్తుంది. ఒక్కరే కాకుండా ముగ్గురు, నలుగురు ఎవరిది వాళ్లు రాస్తే బలం. దుకాణమైతే కార్మిక శాఖ సహాయ అధికారికి, ఫ్యాక్టరీ అయితే ఫ్యాక్టరీల శాఖకు ఇవ్వాలి. ఇచ్చిన కాగితం నకలు మీద ముద్ర, తేదీ వేయించుకుని దగ్గర పెట్టుకోండి. సెక్షన్ నంబర్లు తప్పు పడినా ఫర్వాలేదు. గంటలు తప్పు పడకూడదు.

ఇట్లు,
పనిచోట్ల ఆరోగ్యం, కార్మిక చట్టాల మీద పనిచేసే కొందరు,
వరంగల్